జవాబు ఏ భాషలో?

ఢిల్లీలో కాపురమున్న తెలుగు దంపతులకు మొదటి బిడ్డను బడిలో వేయవలసిన ఏడు పిల్లవాడికంటె పెద్దలకే పరీక్ష. 1992లో గోల్ మార్కెట్ ప్రాంతపు ప్రభుత్వ క్వార్టర్లలో ఒక ఇంట ఈ విషయమై దాదాపు నెలరోజులు చర్చ సాగింది. ఆ ఇంటి యజమాని ఆరేళ్ళ క్రితం స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షలో నెగ్గి, తూర్పు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటుగా చేరినవాడు. రేపు బదిలీ అయితే పిల్లవాడి చదువు దెబ్బతినరాదు కనుక దగ్గరలోని కేంద్రీయ విద్యాలయమే మేలని ఆయన వాదం. ఇల్లాలి మనసు మాత్రం దీనదయాళ్ ఉపాధ్యాయ మార్గంలోని ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల మీద ఉంది. అక్కడ తెలుగు నేర్పుతారన్నదే ఆమె చెప్పిన ఏకైక కారణం.

ఆ సొసైటీ 1948 నాటిది. స్థాపించినది దుర్గాబాయమ్మ, అప్పటికి రాజ్యాంగ సభ సభ్యురాలు, చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహం తరువాతి మాట. చిన్నతనంలోనే రాజమండ్రిలో బాలికలకు హిందీ నేర్పడానికి బడి పెట్టిన మనిషి, నడివయసు రాకముందే హిందీ సీమలో తెలుగు పిల్లల చదువు కోసం బడి పెట్టవలసి వచ్చింది. ఈ రెండు పనులలో ఆమెకు వైరుధ్యం కనిపించి ఉండదు. ఇరుగుపొరుగుతో మాట్లాడడానికి ఒక భాష, ఇంట్లో మాట్లాడడానికి ఒక భాష. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం కూడా అల్పసంఖ్యాక భాషావర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలనే చెబుతుంది. అయితే అధికరణానికి బదిలీల భయం ఉండదు, గృహస్థుకు ఉంటుంది. పిల్లవాడు కేంద్రీయ విద్యాలయంలో చేరాడు. రెండేళ్ళ తరువాత చెల్లెలు కూడా అక్కడే చేరింది. తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం ముగిసేదాకా బదిలీ అనేది రానేలేదు.

తెలుగు ఆదివారాల పాలయింది. పలక, పెద్దబాలశిక్ష, పోస్టులో వచ్చే చందమామ. పిల్లలకు బొమ్మలు నచ్చాయి; అక్షరాలు అంతగా నచ్చలేదు. హిందీకి అలవాటుపడిన నాలుకలకు 'ళ' ఎంతకూ పట్టుబడలేదు. ఒకనాడు పిల్లవాడు బడి నుంచి వచ్చి "కల్లు మండుతున్నాయి" అంటే, ఊరి నుంచి వచ్చి ఉన్న తాతగారు, "ఈ వయసుకే కల్లు ఏమిట్రా!" అని గడప మీద కూలబడి నవ్వారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. మరునాటి నుంచి పిల్లవాడు ఆ మాట మానివేసి 'ఆంఖ్' అనడం మొదలుపెట్టాడు. ముద్దుకొద్దీ నవ్విన నవ్వులు కూడా పిల్లల నోళ్ళు మూయించగలవు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికైనా తట్టేసరికి చాలా కాలం గడిచిపోయింది.

నెలకు ఒకటి రెండుసార్లు నలుగురూ అశోకా రోడ్డు మీదుగా ఆంధ్ర భవన్‌కు భోజనానికి వెళ్ళేవారు. గోల్ డాక్‌ఖానా దగ్గర బయలుదేరి, పటేల్ చౌక్‌లో పార్లమెంటు వీధిని దాటి, ఇండియా గేటు దాకా సాగే ఆ రోడ్డుకు ఇరువైపులా నేరేడు చెట్లు. వానలు పడే వేళకు పళ్ళు రాలి కాలిబాట అంతా ఊదారంగు పులుముకుంటుంది. తల్లి నేరేడు అన్నది, పిల్లలు జామున్ అన్నారు. నాలుకలు మాత్రం ఏ భేదమూ లేకుండా నల్లబడ్డాయి. పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనం నుంచి దశాబ్దాలపాటు తెలుగు వార్తలు వెలువడ్డాయని, సినీనటుడు జగ్గయ్య కూడా ఒకప్పుడు ఢిల్లీలో ఆ వార్తలు చదివినవారేనని తండ్రి ప్రతిసారీ చెప్పేవాడు. పిల్లలు ప్రతిసారీ ముందుకు పరుగెత్తేవారు.

భవన్ క్యాంటీనులో జనం ఎక్కువ. పప్పు, గోంగూర, పొడి మీద నెయ్యి. వరుసలో నిలబడే ఓపిక ఉన్నవారికి ఆ మధ్యాహ్నం ఊరికి పోయి వచ్చినట్లుండేది. అక్కడ ఒకసారి, పక్క బల్ల దగ్గర తన యీడు పిల్లవాడొకడు "ఇంకొంచెం పప్పు వెయ్యండి" అని అడగడం విని, ఈ ఇంటి పిల్లవాడు తినడం మాని చూస్తూ ఉండిపోయాడు. తెలుగు అమ్మానాన్నలది, కేకలు వేయడానికి, లెక్కలు అప్పజెప్పించుకోవడానికి వాళ్ళు వాడుకునే భాష అని అంతవరకూ అతని అభిప్రాయం. ఒక పిల్లవాడు తన కోసం తాను ఆ భాషలో ఏదైనా అడగవచ్చునని అతడు ఊహించలేదు. ప్రవాసంలో బిడ్డలను పెంచేవారు పుస్తకాలమీద పెట్టే ఖర్చులో కొంత ఇటువంటి భోజనాలమీద పెడితే నష్టమేమీ ఉండదు.

1998 శీతకాలంలో నాయనమ్మ వచ్చింది. తాతగారు పోయి ఏడాది. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. పగలంతా కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళేవారు. పిల్లలు మధ్యాహ్నం వచ్చేవారు. ఆమె అడిగినదానికి వారు హిందీలో జవాబు చెప్పడం, ఆమె ఊహించుకుని తల ఊపడం. పది రోజులకు ఆమె అడగడం తగ్గించింది. ఎండపొడలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చునేది. కూరలబండి వచ్చినప్పుడు మాత్రం తొమ్మిదేళ్ళ మనుమరాలు ఇద్దరి మధ్య నిలబడి బేరం నడిపేది.

ఆ ధైర్యంతోనే ఒకనాడు ఇంటి వెనుక వీధిలోని వైద్యుని దగ్గరకు ఆ పిల్లే తోడు వెళ్ళింది. "అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని చెప్పవే అమ్మడూ" అన్నది నాయనమ్మ. తిమ్మిరి అంటే ఏమిటో పిల్లకు తెలియదు. కాలు చూపి చెబుతున్నారు కనుక నొప్పి కాబోలునని 'దర్ద్' అని చెప్పింది. వైద్యుడు నొప్పికి మాత్రలు వ్రాసి ఇచ్చాడు. సాయంకాలం ఆ మాత్రలు చూసి తల్లి ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఎవరూ కోప్పడలేదు. పిల్ల మాత్రం అన్నం తినకుండా పడుకుంది.

మరునాడు తానే నాయనమ్మను బయలుదేరదీసింది. ఈసారి మాట కోసం వెదుకులాడలేదు. "చీమలు పాకినట్లుంటుంది" అని నాయనమ్మ చెప్పినదాన్ని ఉన్నదున్నట్లు హిందీలో పెట్టింది. "ఝున్‌ఝునీ" అన్నాడు వైద్యుడు. ఆ హిందీ మాట కూడా పిల్లకు అప్పుడే తెలిసింది. రక్తపరీక్షలో మధుమేహం బయటపడింది.

ఆ రాత్రి ఆ పిల్ల నోటుపుస్తకం తెరచి, నాయనమ్మ పక్కన కూర్చుని, బాధల పేర్లన్నీ అడిగి వ్రాసుకున్నది. ఆయాసం, దడ, వికారం, పోటు, సలుపు, మంట, తిమ్మిరి. నొప్పికీ సలుపుకీ తేడా ఏమిటని అడిగితే నాయనమ్మ అరగంట చెప్పింది. ఢిల్లీ వచ్చాక ఆమె అంతసేపు మాట్లాడడం అదే మొదలు. ఆరేళ్ళ ఆదివారపు పాఠాలు చేయలేని పని ఆ శీతకాలం చేసింది. మాఘమాసం వెళ్ళేసరికి పిల్ల తెలుగులోనే కొట్లాడేది. నోటుపుస్తకం తరువాత క్వార్టరు మారినప్పుడు ఎక్కడో పోయింది.

అన్నకు అటువంటి అవసరం తటస్థించలేదు. 2004లో నాయనమ్మ పోయినప్పుడు తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఊరు చేరారు. పదిహేడేళ్ళ కుర్రవాడిని పట్టుకుని మేనత్తలు ఏడ్చారు. చివరి రోజుల్లో ఆమె నిన్నే తలచుకున్నదిరా అన్నారు. అతనికి ప్రతి మాటా అర్థమయింది. తిరిగి అనడానికి ఒక్క మాటా రాలేదు. హిందీలో అనడం ఆ వాకిట్లో అనుచితమని మాత్రం తెలిసింది. ఢిల్లీ బాబుకు పొగరని బంధువులు అనుకున్నారు. తిరుగు ప్రయాణంలో తండ్రి ఒక రాత్రంతా కిటికీ దగ్గర మేలుకుని కూర్చున్నాడు.

2011లో జనగణన ఉద్యోగి వచ్చి ఇంట్లోవారి మాతృభాషలు అడిగాడు. ఆ లెక్కలో మాతృభాష అంటే బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. బిడ్డ ఏ భాషలో బదులిచ్చాడన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. కనుక కుమారుడి పేరు ఎదుట తెలుగు అనే నమోదయింది. ఆ యేటి గణనలో తెలుగువారు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు. పదేళ్ళ క్రితం ఏడు కోట్ల నలభై లక్షలే అయినా దేశంలో మూడవ స్థానం. సంఖ్య పెరిగినా స్థానం నాలుగుకు దిగింది. దీనికి ప్రవాసపు తల్లులను తప్పుపట్టినవారున్నారు కాని అది అన్యాయం, తెలుగు నేలపై జననాలు తగ్గడమే ప్రధాన కారణం.

2014లో రాష్ట్రం రెండయ్యాక అశోకా రోడ్డులోని ఆ భవన్ కూడా పంపకాల జాబితాలోకి ఎక్కింది. తండ్రి 2021లో పదవీ విరమణ చేసి భార్యతో కాకినాడ చేరాడు. కుమార్తె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నది. కుమారుడు గురుగ్రామ్‌లో ఉంటాడు, కోడలిది లక్నో. ప్రతి ఆదివారం ఉదయం అతడు తప్పకుండా ఫోను చేస్తాడు. తల్లి తెలుగులో అడుగుతుంది, అతడు హిందీలో చెబుతాడు. అరగంటకు తక్కువ కాకుండా సాగుతుంది ఆ సంభాషణ. ఫోను బిగ్గరగా పెట్టుకుని మాట్లాడడం ఆమె అలవాటు కనుక ఇరుగుపొరుగువారికి ప్రశ్నలు మాత్రమే బోధపడతాయి. ఇవాళ కూర ఏమిటని అడిగితే అతడు 'బైంగన్' అంటాడు. అందులో అల్లం, పచ్చిమిరప నూరి పెట్టారా లేదా అన్నది ఆమె తరువాతి ప్రశ్న.