సిగ్నల్ బండ మీద కంపెనీ అకౌంట్స్

2020 సెప్టెంబర్. కాలేజీలు మూతపడి ఆర్నెల్లయింది. విశాఖపట్నంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని బీకాం రెండో సంవత్సరం వాళ్లకు జూమ్‌లో కంపెనీ అకౌంట్స్ చెబుతున్నాను. హాజరుపట్టీలో ఏజెన్సీ పిల్లల పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్, లేదంటే కవరేజీలో లేరు. "వాళ్లకి శ్రద్ధ లేదండీ" అన్నారు తోటి అధ్యాపకులు కొందరు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. హాస్టల్లో ఉండి రోజూ ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లలు వాళ్లు. బస్సులు తిరుగుతున్నాయి కాబట్టి నేనే వెళ్లి చూద్దామనుకున్నాను.

చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు బస్సు. సీటు వదిలి సీటులో కూర్చోబెట్టారు. గరికబంద దాటి ఘాట్ ఎక్కుతుంటే వానకు జారిన మట్టి మలుపుల్లో రోడ్డు మీదికి వచ్చి ఉంది. మాడుగులలో బాగానే ఉన్న సిగ్నల్ కొండ ఎక్కేకొద్దీ వస్తూ పోతూ, చివరికి పూర్తిగా పోయింది. పాడేరులో దిగాక మళ్లీ వచ్చింది. అక్కడ నా పాత విద్యార్థి ఒకతను రీచార్జి కొట్టు నడుపుతున్నాడు. మొదటి సంగతి అతని దగ్గరే తెలిసింది.

"మేడం, ఇక్కడ రీచార్జి సంత రోజునే. పసుపో, అల్లమో, చింతపండో అమ్ముడైతేనే ఫోన్‌లో డబ్బులు పడతాయి. సంతకి ముందు రెండు మూడు రోజులు ఎవరి ఫోన్‌లోనూ డేటా ఉండదు."

టైంటేబుల్ వేసుకునేటప్పుడు ఈ సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. బుధవారం పది గంటలకు క్లాసు అంటే అందరికీ బుధవారమే అనుకుంటాం.

అతని బండి మీద హుకుంపేట వైపు ఒక ఊరికి వెళ్లాం. కరోనా భయంతో కొత్తవాళ్లను ఊళ్లోకి రానివ్వడం లేదు. పిల్లలే మాస్కులు కట్టుకుని ఊరి పైనున్న బండ దగ్గరికి వచ్చారు. వాళ్లు దాన్ని సిగ్నల్ బండ అంటారు. ఒక వెదురు కర్ర చివర చీల్చి, అందులో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోన్ ఇరికించి, కర్రను బండ సందులో నిలబెట్టారు. సిగ్నల్ అందేది ఆ ఎత్తులోనేనట. ఆ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెట్టుకుని కింద గొడుగుల నీడలో మిగతావాళ్లు వింటారు. చినుకు గట్టిపడితే క్లాసు అయిపోయినట్టే. చీకటి పడితే ఆడపిల్లలు రాలేరు.

"మీ గొంతు వస్తాది మేడం, బొమ్మే రాదు. బొమ్మ వచ్చిందంటే గొంతు తెగిపోతాది" అంది ఒకమ్మాయి. ఆమె ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. ఇంటర్ చదివే తమ్ముడికీ అదే ఫోన్. కెమెరా తప్పనిసరిగా ఆన్ చేయాలని ఇంకో సబ్జెక్టు వాళ్లు అన్నప్పటి నుంచి ఆ క్లాసు మానేసిందట. చెప్పడానికి సిగ్గుపడింది. నేనూ కారణం గుచ్చి అడగలేదు.

ఆమె నోట్సు అడిగి తీసుకున్నాను. షేర్ల జప్తు పాఠం. జర్నల్ పద్దులు చక్కటి చేతిరాతతో ఉన్నాయి. తేదీ, వివరాలు, డెబిట్ మొత్తం వరకు సరిగ్గానే ఉన్నాయి. క్రెడిట్ గడి మాత్రం పేజీ పేజీకీ ఖాళీ. స్క్రీన్‌షాట్ తెరిచి చూపించింది. ల్యాప్‌టాప్ వెడల్పుకు చేసిన స్లైడు, ఆమె చిన్న ఫోన్‌లో కుడి అంచు తెగిపోయి ఉంది. షేరు మూలధనం ఖాతాకు డెబిట్ చేసిన డబ్బు ఎటు పోయిందో తెలియకుండానే ఆ అమ్మాయి అధ్యాయం మొత్తం రాసుకుంది. దాన్ని శ్రద్ధ లేకపోవడం అనగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ నోట్సు చూడాలి.

తిరిగి వచ్చాక పాఠం పంపే తీరు పూర్తిగా మార్చాను. స్లైడ్లు తీసేశాను. తెల్లకాగితం నిలువుగా పెట్టి, పెద్ద అక్షరాలతో, పేజీకి ఒకే పద్దు రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. దానికి జతగా పది నిమిషాలకు మించని ఆడియో. "ఇప్పుడు రెండో కాగితం చూడు, మూడో వరస మీద వేలు పెట్టు" అంటూ ఒక్కరితో మాట్లాడినట్టే చెప్పాలి. అలాంటి ఆడియో రెండు మూడు ఎంబీలకు మించదు. గంట వీడియో క్లాసుకు వందల ఎంబీలు పోతాయి. బండ మీద ఒకసారి దించుకుంటే రాత్రి ఇంట్లో సిగ్నల్ లేకున్నా వినొచ్చు, తమ్ముడి చదువయ్యాక వినొచ్చు.

లెక్కలు చేసి పంపే గడువు సంత నుంచి సంతకు పెట్టాను. హాజరు లాగిన్‌ను బట్టి కాకుండా పంపిన లెక్కను బట్టి వేశాను. కాపీ కొడతారన్న భయం అందరికీ ఉండేదే. దానికి నాకు దొరికిన ఉపాయం ఇది: హాల్‌టికెట్ చివరి రెండంకెలను వందతో హెచ్చవేస్తే వచ్చేదే నీ కంపెనీ జారీ చేసిన షేర్ల సంఖ్య. సున్నాలు వచ్చినవాళ్లకు వేరే సంఖ్య ఇచ్చాను. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు, పద్ధతి మాత్రం కలిసి చర్చించుకోవచ్చు. అలా కలిసి కూర్చోవాలనే నా కోరిక కూడా. లైవ్ క్లాసును వారానికి ఒక్కసారికి తగ్గించి, దాన్ని పూర్తిగా సందేహాలకే వదిలాను. సాయంత్రం ఒక గంట మిస్డ్ కాల్ ఇస్తే నేనే తిరిగి చేసేదాన్ని. మాట్లాడ్డానికి డేటా అక్కర్లేదు కదా.

ఇవేవీ కొత్త ఉపాయాలు కావు. దూరంగా ఉన్నవాళ్లకు చదువు చెప్పడంలో మనకు చాలాకాలంగా అనుభవం ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. అదే ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఎవరి తీరికలో వాళ్లు చదువుకునే పాఠ్యపుస్తకం, సెలవురోజు అధ్యయన కేంద్రంలో సందేహాలు తీర్చే మనిషి, ఈ రెండింటి మీదే ఆ చదువు నడిచింది. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లోనూ వీడియో ఒక్కటే లేదు. చదువుకునే పాఠం, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చ కూడా ఉండాలని పెట్టారు. లాక్‌డౌన్ హడావిడిలో మనం వీటిలోంచి వీడియోను మాత్రమే పట్టుకున్నాం.

కాలేజీలు తెరిచారు కాబట్టి ఈ మాటలు ఇప్పుడెందుకు అనుకోవద్దు. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లోనే నిబంధన తెచ్చింది. ఆన్‌లైన్ బోధన మన పనిలో భాగమైపోయింది. ఆన్‌లైన్ కోర్సు చెప్పబోతున్న లెక్చరర్లను నేను అడిగేది ఒక్కటే. మొదటి పాఠం తయారుచేయకముందే, మీ జాబితాలో అందరికంటే దూరపు ఊళ్లో ఉన్న విద్యార్థికి ఫోన్ చేయండి. ఫోన్ ఎవరిది, రోజులో ఎప్పుడు చేతికొస్తుంది, ఎక్కడ కూర్చుని వింటారు అని అడగండి. ఆ జవాబులు విన్నాకే టైంటేబుల్ వేయండి.