ఆగిపోవుట – ఆపుకొనుట

మా అక్కయ్య విజయనగరంలో ఉంటుంది. నేను కలకత్తాలో ఉంటాను. ఈ నగరం పేరు 2001లో కోల్‌కత అయింది గాని, ముప్పై ఏళ్ల క్రిందట వచ్చి స్థిరపడిన నా నోట కలకత్తా అనే వస్తుంది. మా ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని రైలు ఒక రాత్రిలో దాటిస్తుంది. టెలిఫోను ఒక క్షణంలో దాటిస్తుంది. గడచిన గ్రీష్మంలో ఒకనాటి రాత్రి ఆ రెండవ సాధనం మాకు తోడ్పడలేదు. సంగతి చిన్నదే. ఐనా నా వృత్తి అనువాదం కనుక చిన్న మాటలవద్ద ఎక్కువసేపు నిలబడడం నాకు అలవాటు. పాఠకులు మన్నింతురు గాక.

నా స్మార్టుఫోను వయస్సు నాలుగేళ్లు. అది ఏ కంపెనీదో చెప్పను; తప్పు దానిదో, ఎండలదో, నాదో నేటికీ నిర్ణయించుకోలేకున్నాను. ఉదయం నిండుగా చార్జింగ్ చేసికొని బయలుదేరితే రాత్రి పడుకొనేవేళకు పాతిక ముప్పై శాతం మిగిలేది. ఒకనాడు నిద్ర లేచి చూస్తే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చున్నది. అక్షరాలు కాస్త గుండ్రనైనవి. ఎడమప్రక్కన ఉండే గడియారం నడుమకు జరిగింది. మనం ఊళ్లో లేనప్పుడు ఎవరో వచ్చి ఇంట్లో సామాను సర్ది వెళ్లినట్లు అనిపించింది. నిజం చెప్పవలసివస్తే, నాలుగు రోజులుగా అది అనుమతి అడుగుతూనే ఉన్నది. రేపు, రేపు అంటూ వాయిదా వేసి, చివరకు విసిగి సరే అని నొక్కినది నేనే.

ఆనాటినుంచి మధ్యాహ్నం రెండు గంటలకే సగం దిగిపోయేది. సాయంకాలానికి ఎర్రగీత. పని చేయించకపోయినా, జేబులో ఉన్న ఫోను జ్వరపడిన పసివాని చేయివలె వెచ్చగా తగిలేది.

దీనికి కారణాలు తరువాత తెలిసినవి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత ఒకటి రెండు రోజులపాటు ఫోను మనకు కనబడకుండా చాల పని చేసికొంటుంది. ఉన్న ఫొటోలన్నింటికీ మళ్లీ పట్టిక వ్రాసికొంటుంది. ఉన్న యాప్‌లన్నింటినీ కొత్త పద్ధతికి అనువుగా తీర్చుకొంటుంది. క్రొత్త బ్యాటరీ ఐతే ఆ శ్రమ తెలియనివ్వదు. పాతది ఓర్చుకోలేదు. మన ఫోనులలో ఉండే లిథియం–అయాన్ బ్యాటరీని 1991లో మొదట విపణికి తెచ్చినది జపానుకు చెందిన సోనీ సంస్థ. దాని వెనుక ఉన్న పరిశోధనకు 2019లో ముగ్గురికి నోబెల్ బహుమానం లభించింది. వారిలో ఒకరైన జాన్ గుడినఫ్ వయస్సు అప్పటికి తొంభైయేడు. తొంభైయేడేళ్ల మనిషికి దక్కిన ఓపిక ఆయన కల్పించిన వస్తువుకు దక్కలేదు. నింపిన ప్రతిసారీ, ఖాళీ చేసిన ప్రతిసారీ అది కొంత కోలుకోకుండా పోతుంది. ఉక్కపోతలో మరింత త్వరగా పోతుంది. కలకత్తా జ్యేష్ఠమాసం ఎరిగినవారికి ఈ విషయం విస్తరించి చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఫోను మొగాన కనబడే శాతం కొలిచినది కాదు, అంచనా వేసినది. లోపలి విద్యుత్పీడనాన్ని, ఎంత విద్యుత్తు వచ్చి ఎంత పోయిందో ఆ లెక్కను, వేడిని చూచుకొని ఫోను ఒక అంకె చెబుతుంది. బ్యాటరీ ముసలిదైతే ఆ అంకె తప్పుతుంది. ఇరవై శాతం ఉన్నదని చూపుతూనే, ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు కావలసివచ్చినప్పుడు పీడనం చాలక, ఫోను చప్పున ఆరిపోతుంది.

నాకు జరిగినది ఇదే. కాలేజీ స్ట్రీట్‌లో ఒక మిత్రుని పుస్తకానికి సంబంధించిన సభ. ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఫోను ఇరవైరెండు శాతం చూపుతున్నది. మెట్రోలో కూర్చుండి తెరిచేసరికి ఒకసారి వెలిగి చీకటి అయింది. భవానీపూర్‌లో ఇంటికి చేరి, చార్జింగ్‌కు తగిలించి, మళ్లీ వెలిగించకుండానే అన్నం తిని పడుకొన్నాను.

ఉదయం వెలిగిస్తే, అక్కయ్య ఏడుసార్లు పిలిచినట్లు సందేశం వచ్చింది. వెంటనే ఫోను చేశాను.

"ఏరా, రాత్రంతా ఫోను స్విచ్చాఫ్ చేసుకుని కూర్చున్నావా?" అన్నది.

మా తండ్రిగారు కట్టించిన పెంకుటిల్లు ఒకటి ఉన్నది. అక్కయ్య ఒక్కతే అందులో ఉంటున్నది. కొంటానని ఒక ఆసామి మూడు నెలలుగా తిరుగుతున్నాడు. అమ్మడం ఆమెకు ఇష్టం లేదు. ఉంచితే మరమ్మతులకు డబ్బు కావాలి, అది నేను పంపాలి. ఆ సాయంకాలం ఆ ఆసామి పదిమందిని వెంటబెట్టుకొని వచ్చి, నేటితో ఏదో ఒకటి చెప్పండి అని వీధి అరుగుమీద కూర్చున్నాడట. "మా తమ్ముణ్ణి అడిగి చెబుతాను" అని ఆమె వారందరి ఎదుటా నాకు ఫోను చేసింది. ఆమెకు వినబడినది బెంగాలీలో ఒక ప్రకటన, ఆపైన హిందీలో, ఆపైన ఇంగ్లీషులో. మొత్తంలో ఆమెకు అందిన మాట ఒక్కటే: స్విచ్చాఫ్. "మీ తమ్ముడుగారికి ఇష్టం లేనట్లుందమ్మా" అని వారిలో ఒకరు నవ్వారట. ఆ నవ్వు సంగతి చెప్పేటప్పుడు మాత్రం అక్కయ్య గొంతు మారింది.

"చార్జింగ్ అయిపోయిందక్కయ్యా, ఫోను దానంతట అదే ఆగిపోయింది" అన్నాను.

"సరేలే" అన్నది. ఫోను పెట్టివేసింది.

నేను ఆ పూట పని చేయలేకపోయాను. బల్లమీద ఒక హిందీ నవల సగం అనువాదంలో ఉన్నది. దానిని ప్రక్కకు నెట్టి అక్కయ్య మాటనే తిప్పి తిప్పి చూచాను. తెలుగులో 'కొను' అనే చిన్న క్రియ ఉన్నది. చేసిన పని ఫలం చేసినవానికే చెందుతుందని తెలపడానికి దానిని చేరుస్తాం. వండినాడంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకొన్నాడంటే తనకోసమే. తలుపు వేయడం వేరు, తలుపు వేసుకొనడం వేరు. దానికి ఎదురుగా 'పోవు' ఉన్నది: విరిగిపోయింది, చెరిగిపోయింది, ఆగిపోయింది. ఇందులో ఎవరి చేయీ లేదు, ఎవరి తప్పూ లేదు. హిందీలో 'లేనా', 'జానా' ఇంచుమించు ఈ పనులే చేస్తాయి. యంత్రం చేసే ప్రకటన ఏ భాషలో వచ్చినా ఈ భేదం పాటించదు. చార్జింగ్ అయిపోయిన ఫోనుకూ, యజమాని నొక్కి ఆపిన ఫోనుకూ దానికి ఒకటే మాట. వినేవారే 'కొను' చేర్చుకొంటారో, 'పోవు' చేర్చుకొంటారో! అక్కయ్య 'కొను' చేర్చింది.

ఎందుకు చేర్చింది? ఇక్కడ నా వాదం నిలవదు. ఆ రాత్రి ఫోను ఆగిపోయిన మాట నిజం. కాని అంతకు ముందు మూడు నెలలుగా, ఇల్లు అన్న మాట ఎత్తినప్పుడల్లా, పనిలో ఉన్నానక్కయ్యా, రేపు మాట్లాడుకొందాం అన్నది ఎవరు? రెండుసార్లు ఆమె పేరు తెరమీద చూచి, మ్రోగినంతసేపు మ్రోగనిచ్చి, తరువాత చేద్దామని పుస్తకంలో తల దూర్చాను. మూడు నెలలపాటు అబద్ధం ఆడినవాడు నాలుగవ నెలలో చెప్పిన నిజాన్ని ఆమె ఏ లక్షణం చూచి గుర్తుపట్టాలి?

2017 డిసెంబరులో ఆపిల్ సంస్థకు సంబంధించిన ఒక వివాదం పత్రికలలో వచ్చింది. నాది ఆ సంస్థ ఫోను కాదు, సాదృశ్యంకోసం చెబుతున్నాను. పాత ఐఫోనులు నడుమ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండడానికి, సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని ఆ సంస్థ ఒప్పుకొన్నది. క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పు వెలను 79 డాలర్లనుంచి 29కి తగ్గించింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు అధికారులు దానికి రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేశారు. ఆ జరిమానా వేగం తగ్గించినందుకు కాదు, ఆ సంగతి కొన్నవారికి చెప్పనందుకు.

మరునాడు చాందినీ చౌక్‌కు వెళ్లాను. ఢిల్లీలోనే కాదు, కలకత్తాలోనూ ఒక చాందినీ చౌక్ ఉన్నది. విద్యుత్ సామానుకు, పాత యంత్రాల మరమ్మతుకు పెట్టింది పేరు. అక్కడికి కొద్ది దూరంలోనే రైటర్స్ బిల్డింగ్. 1995 జూలై 31న ముఖ్యమంత్రి జ్యోతి బసు అక్కడనుండే ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొదటి మొబైలు సంభాషణ అది. వచ్చిన పిలుపుకు కూడ సొమ్ము చెల్లించవలసిన రోజులవి. అప్పుడు పిలుపు తప్పించుకొనడానికి మర్యాదైన కారణమైనా ఉండేది.

దుకాణంలో ఇరవైయేళ్ల బిహారీ కుర్రవాడు. ఫోను చేతిలోకి తీసికొని, వెనుకభాగం బొటనవ్రేలితో తడిమి, "దాదా, బ్యాటరీ బైఠ్ గయీ" అన్నాడు. బ్యాటరీ కూర్చుండిపోయిందట! బెంగాలీలోనూ ఇట్లాగే అంటారు. అక్కయ్య నన్ను కూర్చున్నావా అని అడిగిన మాట జ్ఞాపకం వచ్చి కొంచెం ఉలికిపడ్డాను.

"మొన్నటిదాకా బాగానే ఉన్నది. అప్‌డేట్ వచ్చిన తరువాతనే ఇట్లా" అన్నాను హిందీలో.

"అప్‌డేట్ తో బహానా హై" అని అతడు పని మొదలుపెట్టాడు. బహానా అంటే సాకు. బ్యాటరీ ఏడాదిగా క్షీణిస్తూనే ఉన్నదనీ, అప్‌డేట్ దానిని బయటపెట్టిందనీ అతని అభిప్రాయం. పదహారువందలు అడిగాడు, ఇచ్చాను. ఆ ఒక్క మాటకే ఇవ్వవచ్చు.

మరికొన్నాళ్లకు ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డుమీద పోతూ బసు విజ్ఞానమందిరం ముందు నిలబడ్డాను. 1917 నవంబరు 30న జగదీశచంద్ర బసు దానిని స్థాపించారు. అంతకుముందు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యుత్తరంగాలను పట్టే గ్రాహకాలతో పరిశోధిస్తూ, ఎడతెగక పని చేయిస్తే లోహం కూడ స్పందన తగ్గి అలసినట్లు కనబడుతుందనీ, విశ్రాంతినిస్తే మళ్లీ తేరుకొంటుందనీ ఆయన గమనించారు. 1902లో ఈ విషయమై పుస్తకం ప్రకటించారు. జీవానికీ జడానికీ నడుమ గీత లేదన్నంతవరకు ఆయన వెళ్లడంతో ఆనాడే వివాదం చెలరేగింది. ఆ వివాదంలో తలదూర్చే అర్హత నాకు లేదు. లోహపు అలసటను అంత ఓపికతో కనిపెట్టిన మనిషి నడచిన వీధిలోనే, తోబుట్టువు అలసటను కనిపెట్టలేని నేనూ ఇన్నేళ్లు నడిచానే అని మాత్రం తోచింది.

ఆ రాత్రి నేనే ఫోను చేశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఫోను ఆగిపోయిన మాట నిజమే గాని, ముందు రెండుసార్లు కావలెననే తీయలేదని చెప్పాను. అక్కయ్య కొంతసేపు మాట్లాడలేదు.

"నాకు తెలుసులేరా" అన్నది. "ఇప్పుడెంత ఉంది చార్జింగ్?"

"తొంభైనాలుగు."

"అయితే విను" అని, వంటింటి పైకప్పులో ఎన్ని వాసాలు చివికినవో, పెంకులు నేయడానికి కూలీలు రోజుకు ఎంత అడుగుతున్నారో, వెనుక గోడ ఏ వానకు ఎంత దిగిందో వరుసగా చెప్పసాగింది. నేను కాగితం తీసికొని లెక్క వ్రాసికొన్నాను.