కౌలువాటా – సొంత సేద్యము

టెక్సాసులో నున్న మా చిన్న ఆడపడుచు కుమార్తె చదువునకై దాచిన సొమ్మును నూనెబావులలో పెట్టవచ్చునా యని వ్రాయగా, మే మిరువురమును విచారించితిమి.

ఆ దేశమున నేలపై హక్కు వేరు, నేలలోని ఖనిజముపై హక్కు వేరు, దేనికదియే అమ్ముకొనవచ్చును. ఖనిజహక్కు గలవారు త్రవ్వువారికి కౌలున కిచ్చి వాటా గైకొందురు. పూర్వపు వాడుక 8వ వంతు; నేడు అంతకు మించియు గలదు. త్రవ్వకపు వ్యయము వారికి లేదు. బావిని నడపుటలో భాగము గొన్నవారికి లాభ మధికమే గాని, బావి వట్టిపోయినను, నిప్పంటుకొన్నను, తుదకు పూడ్చవలసినను ఆ భారము వారిదే. 1995లో మన కోనసీమలోని పాశర్లపూడి బావి 65 దినములు మండుట మరవరాదు.

ఐనను వాటాదారునకును నిశ్చింత లేదు. బావి యూట తొలియేండ్లలోనే వేగముగా తగ్గును. ధర పడినచో రాబడియు పడును. అది వడ్డీ కాదు, గాదెలోని ధాన్యము; తీసినకొలది తరుగును.

"అమ్మా, బావి నడపుటలో భాగము వలదు. వాటా కొన్నను మిగులు సొమ్ముతోనే కొనుము, బిడ్డ చదువు సొమ్ము ముట్టకుము" అని వ్రాసితిమి. మన దేశమున భూగర్భతైలము ప్రభుత్వాధీనము గనుక మన కీ చిక్కు లేదు. కాని సొమ్ము పరులచేత బెట్టునపుడు, నష్టము వచ్చినచో నెవరు భరింతురని ముందుగా నడుగుట ఏ గృహిణికైనను దగును.