ముందు ఎవరి పొలమో కనుక్కోండి

చలి మొదలయ్యేసరికి టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ల నుంచి ఒక ప్రశ్న తరచూ వస్తుంటుంది. "పందుల వేటకు వెళ్దామనుకుంటున్నామండీ. తుపాకి పట్టడం కొత్త కాబట్టి గైడును పెట్టుకునే వెళ్తాం. ఎక్కడికి వెళ్తే మంచిది?" అని. కుర్చీ ఇలా మంట దగ్గరికి జరుపుకోండి, తీరిగ్గా మాట్లాడుకుందాం. ఫలానా రాంచ్ అని ఒక పేరు చెప్పేసి ముగించగల విషయం కాదిది.

అసలు ఈ పందులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ముందు చూద్దాం. అమెరికా నేల మీద పుట్టినవి కావివి. 1539లో స్పెయిన్ నుంచి దండయాత్రకు వచ్చిన హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరాన దిగినప్పుడు సైన్యం తిండికని పందుల్ని వెంట తెచ్చాడు. ఆ తర్వాత వలస వచ్చిన రైతులు పందుల్ని అడవికి వదిలేసి, కావలసినప్పుడు పట్టుకుని కోసుకునేవారు. దొరకనివి అడవిలోనే స్థిరపడ్డాయి. 1912లో నార్త్ కరోలినాలోని హూపర్ బాల్డ్ కొండ మీదకి వేట సరదా కోసం యూరప్ అడవిపందుల్ని తెప్పించి కంచెలో పెట్టారు. అవీ బయటపడ్డాయి. ఇంటిపంది, అడవిపంది ఒకే జాతి గనుక రెండూ కలిసిపోయి, ఇవాళ మనం చూస్తున్న సంతతి తయారైంది. దేశం మొత్తం మీద 60 లక్షలకు పైగా ఉంటాయని ప్రభుత్వ అంచనా. ఒక్క టెక్సాస్‌లోనే 26 లక్షలు అంటారు. అక్కడున్న 254 కౌంటీల్లో ఎల్ పాసో తప్ప అన్నిట్లోనూ పందులున్నాయి.

ఇంతలా ఎందుకు పెరిగాయంటారా? ఆడపంది ఏడాది నిండకుండానే చూలు కట్టగలదు. నాలుగు నెలలు తిరక్కుండా ఈనుతుంది. ఈతకు ఐదారు పిల్లలు మామూలే. ఇక తిండి విషయానికొస్తే, దొరికిందల్లా తింటాయి. మొక్కజొన్న విత్తిన రాత్రే మంద చేలో దిగి, సాలు వెంట సాలు ముట్టెతో పెళ్లగించుకుంటూ గింజలన్నీ ఏరుకు తింటుంది. వేరుశనగ చేనుకు పట్టే గతి గురించి చెప్పక్కర్లేదు. అనంతపురం రైతుని అడిగినా, పాలమూరు రైతుని అడిగినా కళ్లకు కట్టినట్టు చెబుతారు.

అయితే మన దగ్గరి అడవిపందికీ, అమెరికా పందికీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర అది అడవి సొంత జంతువు. పులికీ, చిరుతకీ ఆహారం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు మన దేశంలో తావే లేదు, అది సబబే. అమెరికాలో పంది బయటినుంచి వచ్చి పడింది. నేల మీద గూడు కట్టుకునే పక్షుల గుడ్లు తినేస్తుంది, వాగుల్లో పొర్లి నీళ్లు పాడుచేస్తుంది. అందుకే టెక్సాస్‌లో దీని వేటకు రుతువు లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. రాత్రిపూట కూడా వేటాడొచ్చు. 2011 నుంచి హెలికాప్టర్ మీద నుంచి కాల్చడానికీ, 2017 నుంచి వేడిగాలి బెలూన్ మీద నుంచి కాల్చడానికీ చట్టం ఒప్పుకుంది.

"అంత స్వేచ్ఛ ఉంటే ఎక్కడికి వెళ్తేనేం?" అంటారేమో. అసలు మెలిక అక్కడే ఉందండీ. ఈ కథ కొంచెం వినండి.

టెనెస్సీ రాష్ట్రంలో ఒకప్పుడు పందులు కొన్ని కౌంటీలకే పరిమితం. 1999లో అక్కడివాళ్లు రాష్ట్రమంతటా ఏడాది పొడుగునా వేటకు తలుపులు తెరిచారు. వేటగాళ్లే పందుల పని పడతారనుకున్నారు. జరిగింది వేరు. వేట రుచి మరిగిన కొందరు పందుల్ని బండ్లలో తెచ్చి, అంతవరకూ లేని చోట దొంగచాటుగా వదిలారు. మా ఊళ్లోనూ వేట ఉండాలని వాళ్ల ఆశ. పందులు రాష్ట్రమంతా పాకాయి. చివరికి 2011లో ఆ విధానాన్నే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మిజోరీ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి, 2016లో తన సంరక్షణ శాఖ భూముల్లో పందుల వేటనే నిషేధించింది. కారణం చాలా సరళం. ఆడపందులూ పిల్లలూ ఒకే మందగా తిరుగుతాయి. మందలో ఒకదాన్ని కాలిస్తే మిగతావి చెల్లాచెదురై, జాగ్రత్త నేర్చుకుని, పక్క పొలానికి మకాం మారుస్తాయి. అదే పెద్ద దొడ్డి కట్టి, మొక్కజొన్న ఎరవేసి, కెమెరాలో చూస్తూ మందంతా లోపలికి వచ్చాక తలుపు వేస్తే ఒక్కటీ తప్పించుకోదు. పందుల సంఖ్య పెరక్కుండా నిలవాలంటేనే ఏటా 66 శాతం తీసేయాలని టెక్సాస్ ఎ అండ్ ఎం పరిశోధకుల లెక్క. తుపాకి ఒక్కదానితో అయ్యే పని కాదది.

అందుకని ఎక్కడికి వెళ్లాలంటే నేను చెప్పేది ఇదీ: పందులు పోవాలని నిజంగా కోరుకునే మనిషి పొలానికి వెళ్లండి. పందులు ఉంటేనే తన వ్యాపారం నడుస్తుందనుకునే చోటికి వెళ్లకండి. టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుది. కాబట్టి అక్కడ చోటు ఎంచుకోవడమంటే భూస్వామిని ఎంచుకోవడమే.

ఆ తేడా ఎలా తెలుస్తుందంటారా? ఫోన్‌లో కొన్ని ప్రశ్నలు అడగండి. మొదటిది, పొలం చుట్టూ ఎత్తైన కంచె ఉందా? ఉంటే ఆ పందులు లోపలికి ఎలా వచ్చాయి? కొని తెచ్చి వదిలిన పందిని కాల్చడానికి డబ్బు కడితే, ఏ రైతుకూ మేలు జరగదు, పందుల వ్యాపారం మాత్రం సాగుతుంది. రెండోది, ఆ భూమిలో ఏం పండిస్తున్నారు? గోధుమ, వేరుశనగ, మొక్కజొన్న, పశువుల మేత అని చెబితే మంచి గుర్తు. మూడోది, బోన్లు, దొడ్లు కూడా పెడుతున్నారా? పెడుతున్నారంటే ఆ యజమాని పందుల్ని వదిలించుకోవాలనే చూస్తున్నాడని అర్థం. ఎంత బరువుంటే ఎంత అదనపు రుసుము, గాయపడి పారిపోతే డబ్బు కట్టాలా అన్నవి కూడా ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక నేల తీరు. ఉత్తరాన రెడ్ రివర్ వైపు పంటచేలు. తూర్పున పైన్ అడవులు, చిత్తడి. దక్షిణాన మెస్కీట్ ముళ్లపొదలు, నాగజెముడు. నడుమ హిల్ కంట్రీలో రాళ్లగుట్టలు, ఓక్ చెట్లు. కొత్తవాళ్లకైతే చేల అంచున కూర్చుని చూసే చోటే మేలంటాను. ఎరగా మొక్కజొన్న చల్లే ఫీడర్ ఒకటి ఉంటుంది, దానికెదురుగా మన చేల కాపలా మంచె లాంటిది ఒకటి వేసి ఉంచుతారు. పక్కనే గైడు కూర్చుంటాడు. జంతువు వెనక ఏముందో చూసుకోవడానికీ, ఊపిరి నిలబెట్టి గురి చూడటానికీ సమయం దొరుకుతుంది. ముదురు మగపందికి భుజం మీద చర్మం దట్టంగా గట్టిపడి కవచంలా ఉంటుంది. తూటా ఎక్కడ తగిలితే అది బాధపడకుండా వెంటనే పడిపోతుందో గైడుతో బొమ్మ గీయించుకుని మరీ నేర్చుకోండి. థర్మల్ స్కోపుతో రాత్రి వేటలో పందులు బాగా కనబడతాయి. కానీ చీకట్లో ఆవుదూడనీ, కుక్కనీ పోల్చుకోవాల్సింది కూడా మీరే. కాస్త అనుభవం వచ్చాకే దానికి వెళ్లండి. హెలికాప్టర్ వేట విశాలమైన పొలాల్లో నిజంగా పనికొచ్చే పద్ధతే గానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకి తగదు. వేటకుక్కల్ని వదిలి, అవి అదిమిపట్టిన పందిని కత్తితో పొడిచే పద్ధతీ ఉంది. అది ఆ కుక్కలతో ఏళ్ల తరబడి తిరిగినవాళ్ల పని.

ఎప్పుడంటే జనవరి చివరినుంచి మార్చి దాకా బాగుంటుంది. అప్పటికి జింకల సీజను ముగుస్తుంది, ఓక్ గింజలు అయిపోతాయి, పందులు ఆకలితో ఫీడర్ దగ్గరికి వస్తాయి. ఎండాకాలంలో అవి పగలంతా బురదలో పడుకుని రాత్రే బయటికొస్తాయి.

టెక్సాస్ బయట ఉన్నవాళ్లకూ చోట్లున్నాయి. ఫ్లోరిడాలో భూమి యజమాని ఒప్పుకుంటే లైసెన్సు లేకుండానే ఏడాదంతా వేటాడొచ్చు. తాటిజాతి పొదలు, చిత్తడి నేల, దోమలు ఉంటాయని తెలిసి వెళ్లండి. బే ఏరియాలో ఉన్నవాళ్లకి మాంటెరే, శాన్ లూయిస్ ఒబిస్పో కొండలు దగ్గర. కాకపోతే కాలిఫోర్నియాలో లైసెన్సుతో పాటు పందుల కోసం వేరే అనుమతి కొనాలి, సీసం తూటాలు వాడకూడదు.

వీసా మీద ఉన్న మనవాళ్లు ఈ ఒక్క మాట మాత్రం చెవిన పెట్టాలి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గైడు తుపాకి అరువిచ్చినా అంతే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఇక్కడే చాలామంది చిక్కుకునే ప్రమాదముంది. 2019 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమి మీద పందుల వేటకు రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. గైడు ఆ మాటే చెబుతాడు, అతని వరకు అది నిజమే. మీ వరకు మాత్రం ఆ లైసెన్సు కాగితమే రక్ష. కొనుక్కుని జేబులో పెట్టుకునే తుపాకి ముట్టుకోండి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒకసారి అడగండి. రాష్ట్రం నడిపే వేటగాళ్ల శిక్షణ కోర్సు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఎవరూ అడగకపోయినా చేయండి.

మాంసం సంగతి కూడా ముందే అనుకోండి. తినే ఉద్దేశం లేకపోతే ఎవరికిస్తారో గైడుతో మాట్లాడుకున్నాకే బయల్దేరండి. చంపిన జంతువుని పొలంలో కుళ్లనివ్వడం నాకు మింగుడుపడదు. తినేవాళ్లయితే మధ్యస్థంగా ఉన్న ఆడపందిని ఎంచుకోండి. ముదురు మగపంది మాంసానికి ఘాటైన వాసన ఉంటుంది. ఈ పందుల్లో బ్రుసెల్లోసిస్ అనే జబ్బు ఉంటుంది, రక్తం తగిలితే మనుషులకీ అంటుకుంటుంది. కోసేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి. మాంసం లోపల 160 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగిలేదాకా ఉడకాలి. అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు పట్టించి సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గించే మన పద్ధతి దీనికి సరిగ్గా నప్పుతుంది. ఇంకోటి, ఆ చుట్టుపక్కల పందులకు వార్ఫరిన్ మందు పెడుతున్నారేమో అడగండి. ఆ మందులో నీలం రంగు కలుపుతారు. కొవ్వు నీలంగా కనబడితే ఆ మాంసం వదిలేయండి.

వేట అయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. మంద ఎన్నిటిదో, కాల్పు తర్వాత మిగతావి ఎటు పారిపోయాయో యజమానికి వివరంగా చెప్పండి. బోను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి అతనికి అది పనికొస్తుంది. మీరు కొట్టిన ఒక్క పందితో అతని పంట గట్టెక్కదు. కానీ మీరు కట్టే డబ్బు ఎటు పోతుందన్నది మీ చేతిలో ఉంది. పందుల్ని పెంచి అమ్ముకునేవాడికి కడితే వచ్చే ఏడాది పందులు ఇంకా పెరుగుతాయి. వాటితో విసిగిపోయిన రైతుకి కడితే అతను ఇంకో దొడ్డి కట్టుకుంటాడు. చోటు ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోండి, మిగతావన్నీ దీని తర్వాతే.