భూమికి అడగాలి, ఊరికి అక్కర్లేదా?

ఆఫీసు పని కోసం జపనీస్ నేర్చుకుంటుంటే 'యోరోన్ చోసా' అనే మాట తగిలింది. మన పేపర్ల భాషలో చెప్పాలంటే ప్రజాభిప్రాయ సేకరణ అన్నమాట. ఒకప్పుడు వాళ్ళకి రెండు మాటలుండేవి. జనం కూర్చుని చర్చించి తేల్చుకున్నది 'యోరోన్', అప్పటికప్పుడు గాలివాటంగా అనుకునేది 'సెరోన్'. 1946లో వాడుక అక్షరాల జాబితా కుదించినప్పుడు మొదటిదాని అక్షరం ఎగిరిపోయి, రెండూ ఒకే రాతలో కలిసిపోయాయి.

నాకు వెంటనే మా భద్రాచలం గుర్తొచ్చింది. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లా ఏడు మండలాల ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గుడీ, పట్నం తెలంగాణలోనే ఉన్నాయి, పక్కనున్న ఎటపాక అటు పోయింది. మేలో ఆర్డినెన్సు, జులైలో పార్లమెంటు ఆమోదం. బందులు జరిగాయి గానీ, ఊళ్ళలో ఓటింగు మాత్రం జరగలేదు. ఎందుకంటే రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దు మార్చాలంటే అడగాల్సింది శాసనసభని, ఊళ్ళని కాదు. అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే, 1996 నాటి పెసా చట్టం గ్రామసభనో పంచాయతీనో సంప్రదించమంటుంది. ఎకరం పోతే అడగాలట, రాష్ట్రమే మారిపోతే అక్కర్లేదట!

పోనీ అడిగారే అనుకుందాం. అవును, కాదు అని రెండు గళ్ళున్న కాగితం ఇచ్చి టిక్కు పెట్టమంటే వచ్చేది సెరోనే. ఇంట్లో కోయ మాట్లాడే మనుషులు వాళ్ళ భాషలోనే, తీరిగ్గా, ఆస్పత్రి ఎటు, సంత ఎటు, పోడు పట్టా ఎవరిస్తారు అని తర్కించుకుని చెప్పేదే యోరోన్. మనం రెండిటినీ 'ప్రజాభిప్రాయం' అనే ఒకే సంచిలో వేసేస్తున్నాం. వేరువేరు మాటలుంటే, కనీసం ఏది సేకరించారని నిలదీయొచ్చు. మీకేమైనా మంచి మాట తడితే చెప్పండి.