ఎగువకు ఒక సైకిలు దారి

మా వీధి చివర నిలబడితే పూనా రోడ్డు కనిపిస్తుంది. 2010లో ప్రభుత్వం జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలిచ్చి దీనిని 65గా మార్చినా, జహీరాబాదు పెద్దలకు ఇది ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. ఒక కొస మచిలీపట్నం, మరొక కొస పూనా. పాతికేళ్ళుగా ఈ రోడ్డును అడ్డంగా దాటుతూ వచ్చానే తప్ప, సైకిలు మీద దీని వెంట పడమటికి హుమ్నాబాదు దాటి పోయిన పాపాన పోలేదు. ఈ నవంబరులో పోదామని సంకల్పించాను. గమ్యం మహాబలేశ్వరం. రానూ పోనూ కాదు, పోను మాత్రమే. వచ్చేటప్పుడు సైకిలు చక్రాలు ఊడదీసి బస్సు డిక్కీలో వేసుకుని రావలసిందే. యాభై రెండేళ్ళవాడికి అంతకు మించిన పౌరుషం అక్కరలేదు.

కొండ, కొండ మీద చెరువు, చల్లగాలి - ఈ మూడూ కావాలంటే వికారాబాదు అనంతగిరి చాలదా అని మా ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అనంతగిరికి రెండుసార్లు సైకిలు మీద వెళ్ళి వచ్చాను, ఈ ప్రయాణానికి అదే నా సాధన. కాని మహాబలేశ్వరం ఎత్తు దాదాపు 1,350 మీటర్లు. మనం కూర్చున్న పీఠభూమే ఆరువందల మీటర్ల పైన ఉంది గనుక సగం కొండ పుట్టుకతోనే ఎక్కేశామని నేను చేసిన వాదన ఆవిడ దగ్గర చెల్లలేదు. అక్కడి వెణ్ణా చెరువును 1842లో సతారా రాజు తవ్వించాడు. చెరువు ఒడ్డున పడవలు, గుర్రాలు, స్ట్రాబెరీ మీగడ అమ్మే కొట్లు... అదంతా విహారయాత్రికుల సంగతి. నన్ను లాగింది నేల. మన ఇళ్ళ పునాదుల్లో తగిలే ఈ ఎర్రని చిల్లుల రాయే అక్కడి కొండల నెత్తిన కూడా పరచుకుని ఉంది. ఎర్రమట్టిలో బయలుదేరి ఎర్రమట్టిలో దిగడం, మధ్యలో నాలుగైదు రోజుల నల్లరేగడి.

పటం ముందేసుకుని కూర్చుంటే అసలు కష్టం ఘాటు కాదని తెలిసింది. వాయి నుంచి పంచగని దాకా పసర్ణీ ఘాటు పన్నెండు పదమూడు కిలోమీటర్లే; వెనుక చక్రానికి 32 పళ్ళ గేరుంటే, ఆయాసమొచ్చిన చోట దిగి నడిచే వినయం ఉంటే అది ఒక ఉదయం పని. భయమంతా షోలాపూరు దాకా సాగే మొదటి రెండువందల కిలోమీటర్లది. మొదటి రోజు ఉమర్గా, సుమారు 110. రెండో రోజు నల్దుర్గం కోట పక్కగా షోలాపూరు. నవంబరంటే చెరకు కొట్టే కాలం. వెనుక దీపం లేని జంట ట్రెయిలర్లు లాగుతూ ట్రాక్టర్లు రోడ్డుకు ఏ పక్క నుంచైనా వస్తాయి. అందుకని తెల్లవారాక కదలడం, మధ్యాహ్నం మూడింటికల్లా ఊరు చేరడం - ఈ నియమం ఒక్కటి తప్పకూడదు. షోలాపూరు నుంచి హైవే వదిలేసి పండరిపురం, మ్హస్వడ్, దహివడి మీదుగా సతారా. పండరిపురంలో కార్తీక ఏకాదశి జనసముద్రం తగ్గాక అయితే బస దొరుకుతుంది. చలికాలపు తూర్పుగాలి వీపున తోస్తుందని ఆశ. తుమ్మముళ్ళ కోసం ట్యూబులు నాలుగు.

ఇవన్నీ చూసుకుని పంతొమ్మిదో తేదీ ఉదయం బయలుదేరుతానని భోజనాల దగ్గర ప్రకటించాను.

"ఆ రోజు వద్దురా" అన్నారు నాన్న.

ఎనభై దాటాయి ఆయనకు. ఆయనకు తిథులు, వర్జ్యాలు పట్టవు. ఎందుకని అడగబోయి ఆగిపోయాను. నవంబరు 19. 1977లో ఆ రోజునే దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. మాది నాగాయలంక దగ్గర. మా మేనత్తను నేను ఫోటోలో కూడా చూడలేదు. ఆ ఫోటో ఉన్న ఇల్లు కూడా పోయింది. రెండేళ్ళ తర్వాత బ్యాంకులో బదిలీ వస్తే సముద్రానికి ఎంత దూరమైతే అంత మంచిదని నాన్న జహీరాబాదు కోరుకున్నారని అమ్మ చెప్పేది. ఇక్కడి నారింజ వాగు నీరు మంజీరలో పడి గోదావరికి పోతుంది. ఏ లెక్కన చూసినా కృష్ణతో ఆయన సంబంధం తెంచుకున్నట్టే. పుష్కరాలకు కూడా పోలేదు.

నేనేమో ఇన్నాళ్ళూ గేర్లూ, మైళ్ళూ లెక్కపెడుతూ కూర్చున్నాను గాని, పాత మహాబలేశ్వరంలో పంచగంగ గుడి దగ్గర గోముఖంలోంచి జారేది కృష్ణేనన్న మాట ఇంట్లో ఒక్కసారి కూడా అనలేదు. ఆయనకు తెలియదని కాదు. బ్యాంకుకు హెర్క్యులస్ సైకిలు మీద పోయే రోజుల్లో రోడ్డు పక్కన ఆగి, "ఇటు పోతే మన ఊరు, అటు పోతే మన ఏరు పుట్టిన వైపు" అని నాకు చూపించింది ఆయనే. ఆ మాట మరిచిపోయింది నేను.

ఆ రాత్రి పటం ఆయన మంచం మీదికి చేరింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. సతారా నుంచి మేఢా మీదుగా కేళ్ఘర్ ఘాటు ఎక్కుదామని నేను పెన్సిలుతో గీసుకున్నాను. బళ్ళ రద్దీ తక్కువ. ఆ దారి వెణ్ణా లోయ వెంట పోతుంది.

"వాయి మీదుగా ఎందుకు పోవు?"

"రద్దీ నాన్నా. ఘాటులో బస్సులు."

"వాయిలో కృష్ణ ఎంత వెడల్పుంటుంది?"

ఊళ్ళో రాతి మెట్ల రేవులున్నాయనీ, ఎగువన ధోం దగ్గర ఆనకట్ట ఉందనీ చెప్పాను. వెడల్పు చెప్పలేకపోయాను. హంసలదీవి దగ్గర అవతలి గట్టు కనపడక పెరిగిన మనిషికి ఏ కొలత చెప్పాలి?

"చూసి రా" అన్నారు.

గోముఖం నీళ్ళు ఒక సీసాలో తెస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నీళ్ళెందుకురా. ఫోటో తీసుకురా. పక్కన మనిషిని నిలబెట్టి తియ్యి, ఎంతుందో తెలుస్తుంది."

తేదీ ఇరవయ్యారుకు జరిగింది. దారి వాయి మీదుగా మారింది, ఆరు కిలోమీటర్లో పదో పెరిగితే పెరిగాయి. మా ఆవిడ వెనుక దీపాలు రెండు ఉండాలంది, ఒకటి సీటు కింద, ఒకటి హెల్మెట్ వెనుక. ఇవాళ పొద్దున నాన్న వరండాలో సైకిలు గొలుసుకు నూనె వేస్తూ కనిపించారు. గేరు సైకిలుకు అంత నూనె వేయకూడదు. దుమ్ము పట్టేస్తుంది. చెప్పలేదు, రేపు తుడుచుకుంటాను.