చెప్పకుండా వచ్చిన చుట్టాలు

మొన్న టొరంటోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తుంటే, విమానంలో ముందున్న తెర మీద సముద్రం పక్కన 'గాండర్' అన్న పేరు కనపడింది. ఇంటికెళ్లాక అడిగితే అల్లుడు దాని కథ చెప్పాడు.

న్యూఫౌండ్‌లాండ్‌లో 1938లో తెరిచిన విమానాశ్రయమట. అప్పట్లో అట్లాంటిక్ దాటే విమానాలు అక్కడ దిగి ఇంధనం నింపుకునేవి. జెట్లు వచ్చాక ఆగే పని తగ్గిపోయింది, పెద్ద రన్‌వేలు మిగిలాయి. 2001 సెప్టెంబర్ 11న అమెరికా తన ఆకాశం మూసేస్తే, 38 విమానాలు అక్కడే దిగాయి. దాదాపు 6,700 మంది! ఊరి జనాభా చూస్తే సుమారు 10,000. వండినవి పెట్టడానికి చోటు చాలక, ఐస్ హాకీ ఆడే చోటునే ఫ్రిజ్ చేసుకున్నారట.

నాకు సిగ్గేసింది. కిందటి వానాకాలంలో బస్సు ఆగిపోయి, రాత్రి పదింటికి మా ఆడపడుచు వాళ్లు నలుగురొస్తే, "ఒక్క ఫోనన్నా చెయ్యొద్దా" అని గొణుక్కుంటూ ఉప్మా కలిపాను. ఆవిడ వింది. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఇండియా రాగానే ముందు ఆవిడకే ఫోన్ చేశాను. "వదినా, ఈసారి కూడా చెప్పకుండానే రండి" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "వస్తాలే. ఉప్మా మాత్రం చెయ్యకు" అంది.